ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి

డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర కారులో వెళ్తే లేక్ ఫోర్క్ వస్తుంది. 1980లో నీళ్లు నిలిపిన జలాశయం, 27 వేల ఎకరాల పైచిలుకు. టెక్సాస్‌లో గాలం పట్టేవాళ్లలో ఆ పేరు విననివాళ్లు అరుదు. అక్కడ లార్జ్‌మౌత్ బాస్ మీ గాలానికి పడితే చట్టం చెప్పేది ఇది: 16 అంగుళాలు, అంతకు లోపు ఉంటే ఇంటికి తీసుకెళ్లవచ్చు. 16 దాటి 24 నిండకపోతే అక్కడికక్కడే నీళ్లలో వదిలెయ్యాలి. 24 అంగుళాలు, ఆ పైన ఉన్నది రోజుకి ఒక్కటి ఉంచుకోవచ్చు. అన్నీ కలిపి రోజుకి ఐదు మించకూడదు.

చెరువుగట్ల మీద పెరిగినవాళ్లకి ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. పిల్లని వదిలెయ్యాలి, ఎదిగినదాన్ని తినాలి అన్నది మనకి తెలిసిన న్యాయం. టెక్సాస్‌లో మిగతా చాలా జలాశయాల్లో నియమం ఆ న్యాయం ప్రకారమే ఉంటుంది. 14 అంగుళాలు నిండని లార్జ్‌మౌత్‌ని ఉంచుకోకూడదు. రాష్ట్రం ఒకటే, చేప ఒకటే, నియమం రాసిన శాఖ కూడా ఒకటే. ఒకచోట చిన్నదాన్ని వదలమంటుంది, ఇంకోచోట చిన్నదాన్నే తీసుకెళ్లమంటుంది.

ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల్లో వారాంతాల్లో గాలం పట్టుకుని బయల్దేరే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది ఈ నియమాలని జరిమానా భయంతో పాటిస్తారు. భయంతో వదిలినా చేప బతుకుతుంది, అది మంచిదే. అయితే నియమం వెనక లెక్క తెలిసినవాళ్లు ఇంకొక పని కూడా చేయగలరు. చట్టం మీ ఇష్టానికి వదిలేసిన చోట ఏం చేస్తే ఆ నీటికి మేలో తామే తేల్చుకోగలరు. ఈ అధ్యాయం ఆ లెక్క గురించే.

నీళ్లు ఎంత మోస్తాయి

ఏ చెరువైనా కొంత బరువు బాస్‌నే పోషించగలదు. ఆ బరువుని నిర్ణయించేది అందులో దొరికే తిండి: షాడ్ చేపలు, బ్లూగిల్ లాంటి చిన్న చేపలు, క్రేఫిష్. ఒక చెరువు వంద పౌండ్ల బాస్‌ని పోషించగలిగితే అవి ఒక్కో పౌండు చొప్పున వంద చేపలు కావచ్చు, ఐదేసి పౌండ్ల చొప్పున ఇరవై కావచ్చు. నీటికి రెండూ ఒకటే. గాలం పట్టుకుని కూర్చున్న మనిషికి మాత్రం రెండింటి మధ్య తేడా అంతా ఇంతా కాదు.

బాస్ ఏటా పిల్లల్ని పెడుతుంది. పిల్లలు బాగా బతికే చెరువులో, తీసేవాళ్లు లేకపోతే, పది పన్నెండు అంగుళాల చేపలు గుంపులుగా పేరుకుపోతాయి. అవి తినే సైజు చేపలు మాత్రం కరువవుతాయి. ఒత్తుగా పోసిన నారుమడి ఎలా ఉంటుందో మీకు తెలుసు: మొక్కలు లెక్కకి బోలెడు, ఒక్కటీ పిలక వేయదు. ఆ స్థితికి చేరిన బాస్‌ని చేతిలోకి తీసుకుంటే ఎవరైనా గుర్తుపడతారు. తల ఒంటికి మించి పెద్దగా కనిపిస్తుంది, పొట్ట లోపలికి అంటుకుపోయి ఉంటుంది, వయసు ఐదేళ్లు దాటినా పొడవు అడుగు దాటదు.

ఈ సంగతిని పద్ధతిగా తేల్చినవాడు అలబామాలోని ఆబర్న్‌లో పనిచేసిన హోమర్ స్వింగిల్. 1930ల నుంచి చెరువులు తవ్వించి, చేపలు వేసి, కొన్నేళ్ల తరవాత నీళ్లు పూర్తిగా తోడించి, ప్రతి చేపనీ తూకం వేయించాడు. ఏ చెరువు సమతూకంలో ఉంది, ఏది తప్పింది అన్నదానికి 1950లో ఆయన ప్రచురించిన లెక్కలే ఇప్పటి చెరువు యాజమాన్యానికి పునాది. ఆ తరవాత 1970ల్లో మిస్సోరిలో రిచర్డ్ ఆండర్సన్, ఆయనతో పనిచేసినవాళ్లు, చెరువు తోడకుండానే చూసుకోగలిగే కొలత ఒకటి ఇచ్చారు. పట్టిన బాస్‌లో 8 అంగుళాలు, ఆ పైన ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. వాటిలో 12 అంగుళాలు, ఆ పైన ఉన్నవి నూటికి ఎన్నో చూడండి. ఆ సంఖ్య 40 నుంచి 70 మధ్య ఉంటే చెరువు బాగున్నట్టు. 15, 20 దగ్గర ఆగిపోతే చిన్న చేపలు కిక్కిరిసిపోయాయని అర్థం.

ఇది మీరే చేసుకోగలిగిన లెక్క. ఒకే చెరువుకి పదేపదే వెళ్లే అలవాటు ఉంటే పట్టిన ప్రతి బాస్ పొడవూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఒక సీజన్ ముగిసేసరికి ఆ చెరువు ఏ స్థితిలో ఉందో మీకు కొంతైనా తెలుస్తుంది. గాలం ఎంచుకునే చేపలు వేరు, చెరువులో ఉన్న చేపలు వేరు కాబట్టి ఇది అధికారుల లెక్కకి సాటి రాదు. అయినా ఊహ కంటే ఎంతో నయం.

ఇప్పుడు లేక్ ఫోర్క్ నియమం మళ్లీ చూడండి. అక్కడ పెద్ద చేపలు తయారవ్వాలన్నది శాఖ ఉద్దేశం. అందుకు రెండు పనులు జరగాలి. 16 అంగుళాల లోపువి కొన్ని బయటికి పోయి తిండి మిగలాలి. ఆ మిగిలిన తిండి తిని 16 దాటిన చేప ఎవరి సంచిలోకీ పోకుండా 24 దాకా ఎదగాలి. ఇలా మధ్య సైజుని కాపాడే పద్ధతిని స్లాట్ లిమిట్ అంటారు. మొదటి పని మనుషులు చేయాలి, రెండోది చట్టం చూసుకుంటుంది.

14 అంగుళాల కనీస నియమం వేరే రకం నీళ్లకి. పిల్లలు తక్కువగా బతికే చోట, బతికినవి త్వరగా పెరిగే చోట, పట్టేవాళ్లు ఎక్కువైన చోట ప్రతి పిల్లా విలువైనదే. దానికి ఒకసారైనా గుడ్లు పెట్టే అవకాశం ఇవ్వాలి. కాబట్టి చిన్నదాన్ని వదలడం అక్కడ సరైన పని.

వదలడం నేర్పిన మనిషి, ఆ తరవాత వచ్చిన చిక్కు

1960ల దాకా అమెరికాలో బాస్ పట్టినవాళ్లు పట్టినవన్నీ తాడుకి గుచ్చి ఇంటికి తెచ్చుకునేవారు. పోటీల్లోనూ అంతే. అలబామాకి చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంట్ 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్ మీద ఒక పెద్ద పోటీ పెట్టాడు. మరుసటి ఏడాది బాస్ పట్టేవాళ్ల సంఘం మొదలుపెట్టాడు. 1972లో, పోటీలో పట్టిన చేపని చంపకుండా నీళ్ల తొట్టిలో బతికించి, తూకం వేసి, తిరిగి వదలాలని ప్రచారం ఎత్తుకున్నాడు. చచ్చిన చేపకి మార్కులు కోత పెట్టారు. పడవల్లో గాలి కొట్టే తొట్లు మామూలైపోయాయి. ఒక్క తరం గడిచేసరికి బాస్‌ని వదలడం అక్కడ పరువు మర్యాదల్లో భాగమైపోయింది.

ఇది గొప్ప మార్పు, అందులో సందేహం లేదు. చట్టం బలవంతపెట్టకుండా లక్షలమంది తమంతట తాము అలవాటు మార్చుకున్న సందర్భాలు చాలా తక్కువ. అయితే అలవాటు ఆచారంగా గట్టిపడ్డాక ఎవరూ కారణం అడగడం మానేశారు. ఇప్పుడు స్లాట్ పెట్టిన చాలా జలాశయాల్లో జీవశాస్త్రవేత్తల ఫిర్యాదు ఒకటే: మేం తీసుకెళ్లమన్న చిన్న చేపల్ని కూడా జనం వదిలేస్తున్నారు. చిన్నవి తగ్గకపోతే స్లాట్ కాగితం మీదే మిగిలిపోతుంది. ప్రైవేటు చెరువుల యజమానులకైతే ఎకరానికి ఏడాదికి పది పౌండ్లు, ఇంకా ఎక్కువ కూడా, చిన్న బాస్ తీసెయ్యమని సలహాదారులు చెబుతుంటారు. ప్రతి చేపనీ ప్రేమగా వదిలే యజమాని చెరువులోనే తరచు బక్కచిక్కిన చేపలు కనిపిస్తాయి.

ఇక్కడే తెలుగు ఇంటి వంటగది పనికొస్తుంది. లేక్ ఫోర్క్‌లో పడిన 14 అంగుళాల బాస్‌ని పులుసుకి తీసుకెళ్తే మీరు ఆ జలాశయానికి అపకారం చేయడం లేదు. శాఖ కోరిన పనే చేస్తున్నారు. పక్క పడవలోంచి ఎవరైనా మొహం చిట్లించి చూసినా మీరు సంకోచపడాల్సిన పని లేదు. బాస్ కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, పులుసులో చితికిపోదు. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి: ఆ రోజు వేట ముగించి ఒడ్డుకి చేరేదాకా చేప తల, తోక కోయకూడదు. కోస్తే పొడవు కొలవడానికి వీలుండదు, తనిఖీకి వచ్చిన వార్డెన్ అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

చిన్నదాన్ని తినడానికి ఆరోగ్యపరంగా కూడా కారణం ఉంది. బాస్ ఇతర చేపల్ని తిని బతికేది. అవి తిన్న పాదరసం దీని ఒంట్లో చేరి, వయసుతో పాటు పెరుగుతూ పోతుంది. పదేళ్ల చేపలో ఉన్నంత పాదరసం రెండేళ్ల చేపలో ఉండదు. టెక్సాస్ తూర్పు అంచున ఉన్న క్యాడో లేక్ లాంటి చోట్ల బాస్ ఎంత తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ హద్దులు చెప్పింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే మీరు వెళ్లే జలాశయం పేరుతో ఆ హెచ్చరికలు ఒకసారి వెతికి చూసుకోండి.

అధికారులు ఎలా లెక్కపెడతారు

నీళ్లలో ఉన్నవాటిని లెక్కపెట్టడం అసాధ్యమని చాలామంది అనుకుంటారు. అందుకే నియమాలన్నీ ఆఫీసులో కూర్చుని ఊహించి రాసినవని కోపం తెచ్చుకుంటారు. ఒక్కసారి ఎలక్ట్రోఫిషింగ్ పడవని చూస్తే ఆ కోపం పోతుంది. ముందువైపు రెండు కర్రలు చాచి, వాటి నుంచి తీగలు నీళ్లలోకి వేలాడదీసి, జనరేటర్‌తో కరెంటు పంపుతారు. దగ్గర్లో ఉన్న చేపలు కొద్దిసేపు స్పృహ తప్పి పైకి తేలతాయి. ముందు నిలబడ్డ ఇద్దరు వాటిని వలగరిటెలతో తీసి తొట్లో వేస్తారు. పొడవు, బరువు రాసుకుని తిరిగి వదులుతారు. బాస్ కోసం ఈ పని ఎక్కువగా చలి మొదలయ్యే ముందు, రాత్రిపూట చేస్తారు. పెద్ద చేపలు ఒడ్డు దగ్గరికి వచ్చేది అప్పుడే. ఒకే చోట, ఒకే రుతువులో, ఒకే పద్ధతిలో కొన్నేళ్ల పాటు ఇలా చూస్తే పిల్లలు ఎన్ని బతుకుతున్నాయో, ఏ సైజు దగ్గర ఎదుగుదల ఆగుతోందో బయటపడుతుంది.

వయసు తెలుసుకోవడానికి కొన్ని చేపల్ని చంపక తప్పదు. చేప తలలో, లోపలి చెవి దగ్గర, చిన్న రాయిలాంటి ఎముక ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టే ఏడాదికో వలయం కనిపిస్తుంది. 12 అంగుళాల చేపకి రెండేళ్లా, ఆరేళ్లా అన్నది అక్కడ తేలుతుంది. రెండేళ్లయితే ఆ నీళ్లకి ఒక నియమం, ఆరేళ్లయితే పూర్తిగా ఇంకొకటి.

మూడో లెక్క మీ దగ్గర నుంచి వస్తుంది. పడవల రేవు దగ్గర శాఖ చొక్కా వేసుకున్న మనిషి ఒక పలక పట్టుకుని నిలబడి, ఎంతసేపు పట్టారు, దేనికోసం పట్టారు, ఎన్ని దొరికాయి, ఎన్ని వదిలారు అని అడుగుతాడు. దీన్ని క్రీల్ సర్వే అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్లు అతన్ని చూడగానే తప్పుకుని పోతారు, ఏదో తనిఖీ అనుకుని. అతను జరిమానా వేయడానికి వచ్చినవాడు కాదు. దయచేసి ఆగి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏమీ దొరకలేదంటే అది కూడా చెప్పండి. ఎనిమిది గంటలు కూర్చున్నా ఒక్కటీ పడలేదన్నది వాళ్లకి చాలా విలువైన సమాచారం. నామోషీకి పోయి రెండు పడ్డాయని చెప్పారంటే ఆ రెండూ ఒక పట్టికలో చేరతాయి, ఆ పట్టిక ఒక నియమానికి కారణమవుతుంది.

గుడ్ల కాలం

వేసవిలో ఇండియా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులూ పడవలు రేవులోనే ఉంటాయి. తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. మరి బాస్ విషయంలో ఎందుకు లేదు అని టెక్సాస్‌లో చాలామంది అడుగుతారు.

బాస్‌కీ కొరమీనుకీ సంసారం దగ్గర బాగా పోలిక ఉంది. గుడ్లని కాపలా కాస్తుంది. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా మగ చేప లోతు తక్కువ చోట తోకతో మట్టి ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది తిండి మానేసి గుడ్ల మీద తిరుగుతూ, దగ్గరికి వచ్చిన బ్లూగిల్‌ని తరిమేస్తూ, పిల్లలు ఈదేదాకా అక్కడే ఉంటుంది. ఆ సమయంలో గూటిలోకి ఎర వేస్తే ఆకలి లేకపోయినా కొరుకుతుంది, శత్రువనుకుని. మీరు దాన్ని పైకి లాగి, ఫొటో తీసుకుని, వదిలేలోగా బ్లూగిల్ గుంపు గుడ్లన్నీ తినేసి పోవచ్చు.

ఇలినాయ్‌లోని రిడ్జ్ లేక్ మీద జరిగిన పరిశోధన నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచనలో పడేసింది. అక్కడ కొన్నేళ్ల పాటు పట్టిన ప్రతి బాస్‌కీ గుర్తు వేసి వదిలారు. 1980లో చెరువు తోడించారు. పదేపదే గాలానికి పడినవాటిని ఒక వంశంగా, ఒక్కసారీ పడనివాటిని ఇంకో వంశంగా పెంచారు. తరం మారేకొద్దీ రెండు వంశాల మధ్య తేడా పెరిగింది. గాలానికి పడే స్వభావం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తుందని 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు. 2012లో అదే వంశాల మీద ఇంకో సంగతి తేలింది: సులువుగా గాలానికి పడే మగవే గుడ్లని ఎక్కువ శ్రద్ధగా కాపాడే తండ్రులు. మనం గూటి మీద నుంచి పట్టేది మంచి తండ్రినే అన్నమాట.

దక్షిణాది రాష్ట్రాల్లో గుడ్ల కాలం నెలల తరబడి సాగుతుంది, అన్ని చేపలూ ఒకేసారి గూడు కట్టవు, బతికే పిల్లల సంఖ్య సరిపోతూనే ఉంది. అందుకే టెక్సాస్ ఆ కాలంలో నిషేధం పెట్టలేదు. ఉత్తరాన వెచ్చని రోజులు తక్కువ, ఉన్న కొద్దివారాల్లోనే అంతా జరిగిపోవాలి. కెనడాలోని ఒంటారియోలో చాలా చోట్ల జూన్ దాకా బాస్ పట్టడానికి వీల్లేదు. టొరంటో, మిసిసాగా వైపు ఉన్న తెలుగువాళ్లు తమ జోన్ తేదీలు ఏటా చూసుకోవాలి.

టెక్సాస్‌లో చట్టం అడ్డు చెప్పకపోయినా, నీళ్లలో తెల్లగా ఊడ్చిన గూడు, దాని మీద కదలకుండా నిలబడ్డ చేప కనిపిస్తే ఎర పక్కకి వేయమని నా సలహా. పడితే అక్కడే, ఆ గూటి దగ్గరే, వెంటనే వదలండి. పడవ తొట్లో వేసుకుని అర కిలోమీటరు అవతల వదిలితే గూడు పోయినట్టే.

చేయి తడుపుకోండి

వదిలిన చేప ఈదుతూ వెళ్లినంత మాత్రాన బతికినట్టు కాదు. కొన్ని గంటల తరవాతా, రెండు రోజుల తరవాతా చచ్చేవి ఉంటాయి. అందుకే ఎలా వదులుతున్నామన్నది ముఖ్యం.

ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. చేప ఒంటి మీద జిగురు దానికి రోగాల నుంచి రక్షణ. పొడి చేయి, పొడి తువ్వాలు, ఎండకి కాలిన చెక్క బల్ల ఆ జిగురుని ఊడదీస్తాయి. చిన్న చేపని కింది పెదవి పట్టుకుని నిలువుగా ఎత్తవచ్చు. నాలుగైదు పౌండ్లు దాటినదాన్ని పెదవి ఒక్కటే పట్టుకుని అడ్డంగా చాపితే దవడ కీలు దెబ్బతింటుంది. ఆ తరవాత అది నోరు సరిగా మూయలేదు, వేటాడలేదు. రెండో చేయి పొట్ట కింద పెట్టండి. గాలం గొంతులో లోతుగా దిగిపోయి సులువుగా రాకపోతే పీకవద్దు, దారం కోసెయ్యండి. ఫొటో తీసే మనిషి సిద్ధంగా ఉన్నాకే చేపని నీళ్ల లోంచి ఎత్తండి.

జూలై, ఆగస్టు నెలలు వేరు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేప ఒంటికి అవసరం ఎక్కువ. పడవ తొట్లో ఉంచాలంటే గాలి నిరంతరం కొట్టాలి, మంచుతో నీటిని నాలుగైదు డిగ్రీలు చల్లబరచాలి. చాలా లోతు నుంచి పైకి తెచ్చినదానికి లోపల గాలితిత్తి ఉబ్బి, తిరిగి కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది. సూదితో ఆ గాలి తీసే పద్ధతి ఉంది, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకున్నాకే చేయాలి. అన్నిటికన్నా తేలిక మార్గం, మండు వేసవిలో వదలాలనుకున్న రోజున లోతైన చోట పట్టకపోవడం.

కొలత కూడా చెప్పాలి, ఎందుకంటే స్లాట్ అంతా దాని మీదే నిలిచింది. చేపని పక్కకి పడుకోబెట్టి, నోరు మూసి, తోక కొసలు రెండూ దగ్గరికి నొక్కి, ముక్కు కొస నుంచి తోక కొస దాకా చూడాలి. నోరు తెరిచి కొలిచినా, తోక విప్పి కొలిచినా లెక్క తప్పు. పదహారుకి అటూ ఇటూ ఉండి సందేహం వస్తే వదిలెయ్యండి.

పెద్ద చేప ఎవరిది

టెక్సాస్‌లో 1943లో మెడీనా లేక్‌లో పడిన 13.5 పౌండ్ల బాస్ రికార్డు 1980 దాకా కదల్లేదు. 1970ల్లో శాఖ ఫ్లోరిడా నుంచి అక్కడి బాస్‌ని తెప్పించి పెంచింది, అది ఇంకా పెద్దగా పెరిగే రకం. లేక్ ఫోర్క్ నిండకముందే ఆ ప్రాంతపు కుంటల్లో వాటి పిల్లల్ని వదిలిపెట్టారు. 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ అనే గైడ్ అక్కడ 17.67 పౌండ్ల ఆడ చేపని పట్టి, చంపకుండా శాఖకి అప్పగించాడు. షేర్‌లంకర్ పథకం అలా మొదలైంది. 1992 జనవరిలో అదే నీళ్లలో 18.18 పౌండ్ల చేప పడింది. ఆ రికార్డు ముప్పై ఏళ్లు దాటినా నిలిచింది.

ఇప్పుడు ఆ పథకం కింద జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య 13 పౌండ్లు, ఆ పైన బరువున్న బాస్ పట్టినవాళ్లు ఫోన్ చేస్తే శాఖ మనుషులు బండిలో వచ్చి తీసుకెళ్తారు. టెక్సాస్‌లోనే ఉన్న ఏథెన్స్ పట్నంలోని మంచినీటి చేపల కేంద్రంలో దానిచేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని రాష్ట్రంలోని జలాశయాలకి పంపిస్తారు. తల్లిని మళ్లీ పట్టిన చోటే వదిలేస్తారు. 8 పౌండ్లు దాటినవాటి వివరాలు ఏడాది పొడవునా నమోదు చేయవచ్చు. ఆ బరువుకి చేరినవి దాదాపు అన్నీ ఆడవే. 13 పౌండ్ల చేప వయసు సాధారణంగా పదేళ్లకి అటూ ఇటూ ఉంటుంది. అంతకాలంలో పట్టినవాళ్లెవరైనా ఉంటే వాళ్లు వదలబట్టే అది మీ దాకా వచ్చింది.

చెరువు నుంచి చెరువుకి

బాగున్న చేపని మన ఇంటి పక్క చెరువులో వేసుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. జార్జియా, కరొలైనా రాష్ట్రాల్లో ఎవరో ఇలాగే తెచ్చి వదిలిన అలబామా బాస్ కొన్ని జలాశయాల్లో లార్జ్‌మౌత్‌ని వెనక్కి నెట్టేసింది, స్మాల్‌మౌత్ బాస్‌తో కలిసి సంకరం అయిపోయింది. దాన్ని వెనక్కి తీసే మార్గం ఎవరి దగ్గరా లేదు. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప 2009లో లేక్ టెక్సోమాలో కనిపించి, పడవల అడుగున అంటుకుని ఒక్కో జలాశయానికీ పాకింది. రేవు వదిలేముందు పడవలోనూ ఎర డబ్బాలోనూ ఉన్న నీళ్లన్నీ ఒంపెయ్యడం టెక్సాస్‌లో చట్టం. ఒంపి, నాచు దులిపి, ఆరబెట్టండి.

విసురువల గురించి కూడా ఒక మాట. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి చేయి ఊరుకోదు. టెక్సాస్ మంచినీళ్లలో బాస్‌ని గాలంతోనే పట్టాలి, వలలో పడితే వదిలెయ్యాలి, అమ్మడం ఏ రకంగానూ కుదరదు.

లైసెన్సు డబ్బు ఎక్కడికి పోతుంది

టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టాలంటే వాళ్లకీ కావాలి. ఒక్క రోజుకి ఇచ్చే లైసెన్సు కూడా ఉంది. స్టేట్ పార్కు లోపల ఒడ్డు నుంచి పట్టేవాళ్లకి మాత్రం మినహాయింపు. పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి అది హాయైన చోటు. పొడవు, సంఖ్య నియమాలు అక్కడా వర్తిస్తాయి.

లైసెన్సు కొనకుండా తప్పించుకుంటే మిగిలేది కొద్ది డాలర్లు. పోయేది అంతకు మించి. 1950లో వచ్చిన డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలపు కర్రల మీద, రీళ్ల మీద కేంద్రం పన్ను వసూలు చేస్తుంది. 1984 సవరణతో పడవల ఇంధనం మీద పన్ను కూడా అందులో చేరింది. ఆ మొత్తాన్ని రాష్ట్రాలకి పంచేటప్పుడు 60 శాతం లైసెన్సుదారుల సంఖ్యని బట్టి, 40 శాతం నేల, నీటి విస్తీర్ణాన్ని బట్టి లెక్కిస్తారు. రాష్ట్రం పెట్టిన ఖర్చులో 75 శాతం దాకా ఇలా తిరిగి వస్తుంది. మీ పేరు లైసెన్సుల జాబితాలో లేకపోతే ఆ చెరువులో తిరిగే ఎలక్ట్రోఫిషింగ్ పడవకి మీ తరఫు వాటా అందదు.

నియమాలు మార్చే పద్ధతి కూడా అందరికీ తెరిచే ఉంటుంది. టెక్సాస్‌లో శాఖ కొత్త ప్రతిపాదనల్ని సాధారణంగా జనవరిలో కమిషన్ ముందు పెడుతుంది, మార్చి సమావేశం దాకా జనం అభిప్రాయాలు తీసుకుంటుంది, ఆమోదించినవి సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వస్తాయి. మీరు వెళ్లే జలాశయం ఆ జాబితాలో ఉంటే రెండు వాక్యాలైనా రాయండి. నచ్చింది, నచ్చలేదు అని మాత్రం రాస్తే వాళ్లకి పెద్దగా ఉపయోగపడదు. ఏ నెలల్లో వెళ్లారు, ఒడ్డు నుంచా పడవ నుంచా, పడినవి ఎన్ని అంగుళాలవి, ఎన్ని ఉంచుకున్నారు, చిన్నవాటిని తీసుకెళ్లమంటే మీ ఇంట్లో తింటారా లేదా అన్నది రాయండి. చివరి ప్రశ్నకి జవాబు వాళ్లకి మరీ అవసరం. చిన్న చేపల్ని తీసుకెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలియకుండా స్లాట్ పెట్టాలా వద్దా అన్నది వాళ్లు తేల్చలేరు.